కుట్టా, కత్తిరింపా

టైల్స్ పరిచే పనిలో ఆమెది పన్నెండేళ్ల అనుభవం. పని నేర్పింది సొంత అన్నే. అతను మేస్త్రీ. బేరాలు అతనివి, నేల మీద పాకడం ఆమెది. నోరు తెరిస్తే మంట పుట్టిస్తుందని తోటివాళ్లు ఆమెకు ‘కారం’ అని పేరు పెట్టారు.

ఆ రోజు మూడో అంతస్తు స్నానాలగదిలో, మూలన గొంతుక్కూర్చుని, చివరి టైలు అందుకోవడానికి చటుక్కున వెనక్కి తిరిగింది. ఒళ్లు తిరిగింది గానీ పాదం తడి సిమెంటులోనే ఉండిపోయింది. మోకాలి లోపల టక్కుమంది. లేవబోతే కాలు సగంలో ఆగిపోయింది. ఎంత బలం పెట్టినా తిన్నగా రాదు.

"నరం పట్టేసిందిలే. కాస్త నూనె రాసుకో," అన్నాడు అన్న గుమ్మంలోంచే.

ఆ మాట నమ్మి మూడు వారాలు పోగొట్టుకుంది. అన్న తీసుకొచ్చిన కట్లు కట్టే మనిషి కాలు పట్టుకుని గుంజితే ప్రాణం పోయినంత పనైంది. మోకాలు బూరెలా ఉబ్బింది. ఆఖరికి వదినే మొగుణ్ణి చెడామడా తిట్టి, ఇద్దర్నీ ఆస్పత్రికి పంపింది.

ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. ఎం.ఆర్.ఐ. తీశాక డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది.

"మోకాల్లో రెండు ఎముకల మధ్య నెలవంకల్లాంటి మెత్తలు రెండుంటాయమ్మా. నీకు అందులో ఒకటి చిరిగింది. చిరిగిన ముక్క మడతపడి కీలులో ఇరుక్కుంది. గుంజితే సర్దుకునేది కాదిది."

ఆమె అన్న వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు.

"ముక్క కత్తిరించేస్తే కొన్ని వారాల్లో పనిలోకి వెళ్లొచ్చు. కానీ మెత్త తగ్గితే ఎముకలు తొందరగా అరగొచ్చు. నీ చిరుగు అంచున, రక్తం అందేచోట ఉంది. కుట్టడానికి వీలుండొచ్చు. కుడితే ఆరు వారాలు చంకకర్రలు, ఆర్నెల్ల దాకా గొంతుక్కూర్చోకూడదు. ఒక్కోసారి కుట్టు అతుక్కోదు కూడా."

"కత్తిరించేయండి మేడం," అన్నాడు అన్న. "వచ్చే నెల టైల్స్ పని ముగించి ఇల్లు అప్పగించాలి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మోకాలు ఎవరిది అన్నయ్యా?"

"నీదేనే. కాదన్నానా?"

"మరి నోరు నీదెందుకు లేచింది? కుట్టండి మేడం. లోపల చూశాక కుదరకపోతే అప్పుడు కత్తిరించండి."

చిన్న రంధ్రాలు రెండు చేసి, సన్నటి కెమెరా పంపి చూశారు. కుట్టు పడింది. తర్వాత రోజూ తొడ బిగించి పది లెక్కపెట్టే వ్యాయామం. పళ్లు కొరుకుతూ గొణుక్కుంటుంటే, ఎవరిని తిడుతున్నావని అడిగింది వ్యాయామం చేయించే అమ్మాయి.

"ఒకటి నుంచి పది దాకా మా అన్ననే."

మూడో నెలలో అన్న ఇంటికొచ్చాడు. "నడుస్తున్నావుగా, వచ్చెయ్. కూర్చుని చేసే పనేగా?"

"గొంతుక్కూర్చుంటే కుట్టు తెగుతుందని నీ ముందే చెప్పారు."

"ఇన్నేళ్లూ మేం కూర్చోలేదా?"

"ఎప్పుడు కూర్చున్నావు నువ్వు?" గోడ పట్టుకుని లేచింది. "నువ్వు నిలబడి వేలు చూపించావు. కూర్చుని పరిచింది నేను! మోకాళ్ల కింద వేసుకోవడానికి మెత్తలడిగితే గోనెసంచి మడిచి వేసుకోమన్నావు. వెళ్లు."

అతను వెళ్లాడు. ఆమె స్థానంలో వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఏడో నెలలో ఆమె ఇంకో మేస్త్రీ దగ్గర చేరింది. ప్రస్తుతానికి గోడ టైల్స్ మాత్రమే చేస్తాననీ, మోకాళ్లకు మంచి మెత్తలు ఇవ్వాలనీ మొదటిరోజే తెగేసి చెప్పింది. ఇప్పుడు కాలు పూర్తిగా చాపగలుగుతోంది. గట్టిగా ముడవబోతే మాత్రం లోపల కలుక్కుమంటుంది.

వదిన అప్పుడప్పుడూ వచ్చిపోతుంది. మొన్న మెల్లిగా అడిగింది, "తగ్గిందా?" అని.

"మోకాలైతే తగ్గింది వదినా," అంది ఆమె.