కళ్లు ఊడని తాబేళ్లు

మా తోడికోడలి కూతురికి అప్పటికి పదకొండు నెలలు. నేను ఊలుతో అల్లిన తాబేలు బొమ్మతో చాప మీద ఆడుకుంటోంది. నేను గుమ్మం దగ్గర కూర్చుని ఇంకో తాబేలుకి కాళ్లు కుడుతున్నాను. ముందు దగ్గు వినిపించింది. తర్వాత ఆ దగ్గు కూడా ఆగిపోయింది. తలెత్తేసరికి పిల్ల ముఖం కమిలిపోయి ఉంది.

నేను లేచేలోపే మా అత్త చేపల బుట్ట పడేసి లోపలికొచ్చింది. పిల్లని ముంజేతి మీద తలకిందుగా బోర్లించి వీపు మీద చరిచింది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో శనగగింజంత నల్లపూస నేల మీద పడి దొర్లింది. పిల్ల గట్టిగా ఏడ్చింది.

అత్త పూస తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

"అవునత్తా. తాబేలు కన్ను."

"మరి గట్టిగా కుట్టలేదేటి?"

"గట్టిగానే కుట్టినాను."

అబద్ధం కాదు. నాకు తెలిసినంత గట్టిగా కుట్టాను. నాకు తెలిసింది చాలదని ఆ రోజే అర్థమైంది.

మాది భావనపాడు, సముద్రం ఒడ్డున ఊరు. మగవాళ్లు వేటకెళ్తారు, ఆడవాళ్లు చేపలు అమ్ముతారు. శ్రీకాకుళం హాస్టల్లో చదువుకున్నప్పుడు కుట్టుపని నేర్పే టీచరు దగ్గర క్రోషా అల్లిక నేర్చుకున్నాను. పెళ్లయ్యాక, వేట ఆగిపోయే నెలల్లో ఖాళీగా కూర్చోలేక బొమ్మలు మొదలుపెట్టాను. మా తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి ముందు తాబేలే అల్లడం వచ్చింది. శ్రీకూర్మం గుడి దారిలో బొమ్మలమ్మే ఒక పెద్దాయన వాటిని తీసుకునేవాడు. స్వామి దర్శనానికొచ్చినవాళ్లు పిల్లల కోసం కొనుక్కునేవారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆయన దగ్గరికెళ్లాను. దుకాణంలో ఇంకా పద్నాలుగు తాబేళ్లున్నాయి. అన్నీ తిరిగిచ్చేయమన్నాను.

"ఎవలూ ఏటీ అనలేదు కదమ్మా. ఉంచీ," అన్నాడాయన.

"వొద్దండి. ఆ కళ్లు పిల్లల పీకలో పడతాయి."

అమ్ముడుపోయినవి ఏ ఊళ్లో ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలియదు. వాటి గురించి ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొచ్చి మనసు బాగోదు. చేయగలిగింది ఒక్కటే కనిపించింది. ఒక అట్టముక్క అడిగి తీసుకుని, "ఇక్కడ ఊలు తాబేలు కొన్నవారు దయచేసి దాని కళ్లు కత్తిరించి తీసేయండి. చిన్నపిల్లలు మింగే ప్రమాదం ఉంది. తప్పు నాది" అని పెద్ద అక్షరాలతో రాశాను. పెద్దాయన చాలాసేపు గొణిగాడు కానీ చివరికి దాన్ని కట్టనిచ్చాడు.

రెండు వారాల తర్వాత ఆ అట్టముక్క వల్లే నాకు ఫోనొచ్చింది. విశాఖపట్నంలో పిల్లల బొమ్మల దుకాణం నడిపే ఒకావిడ గుడికొచ్చి, అది చదివి, పెద్దాయన దగ్గర నా నంబరు తీసుకుంది.

"తన సరుకులో తప్పుందని తనే రాసి కట్టిన మనిషిని నేనింతవరకు చూడలేదు," అంది. "మీరు బొమ్మలు మానేశారా?"

"మానేశానండి."

"మానకండి. ఎలా చెయ్యాలో తెలుసుకుని చెయ్యండి. బొమ్మలకి భద్రతా పరీక్షలుంటాయి. అవి నెగ్గితే నా దుకాణంలో పెడతాను. పరీక్ష ఖర్చు నాది."

వెళ్లి కలిశాను. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. కన్ను గానీ చెయ్యి గానీ తొమ్మిది కిలోల బలంతో లాగినా ఊడకూడదు. పిల్లలు చప్పరిస్తే రంగు దిగకూడదు. లోపల కూరే దూది కొత్తదై, శుభ్రంగా ఉండాలి. నిప్పు తగిలితే భగ్గుమనకూడదు. సూదిముక్క లాంటిదేదీ లోపల మిగలకూడదు. నేను నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాను. ఒక్కో వాక్యం రాస్తుంటే, ఇదేదీ ఆలోచించకుండా ఇన్నాళ్లూ పిల్లల చేతికి బొమ్మలిచ్చానా అని సిగ్గేసింది.

ఇంటికొచ్చి అత్తకి చదివి వినిపించాను.

"ఊలు బొమ్మకి ఇన్ని పరీచ్చలేటే?" అంది ముందు. తర్వాత, "తొమ్మిది కిలోల లాగుడని నీకెలా తెలుస్తాది?" అంది.

"అదే తెలీడం లేదత్తా."

ఆవిడ లేచెళ్లి చేపలు తూచే స్ప్రింగు కాటా తెచ్చింది. తాబేలుని మంచం కోడుకి తాడుతో కట్టింది. కంటిని పటకారతో నన్ను పట్టుకోమని, ఆ పటకారకి కాటా కొక్కెం తగిలించి లాగడం మొదలుపెట్టింది. పూస రెండు కిలోలకే ఊడింది. గుండీ ఐదు దగ్గర ఊడింది. విశాఖపట్నం నుంచి తెచ్చిన, వెనక బిళ్లతో బిగించే ప్లాస్టిక్ కన్ను విరగలేదు గానీ, చుట్టూ అల్లిక సాగి కన్ను మొత్తం బయటికొచ్చేసింది.

"ఇదీ పోయినాది," అంది అత్త.

చివరికి కళ్లు పెట్టడమే మానేసి, నల్లదారంతో ముఖం మీదే కుట్టి కళ్లు తేల్చాను. పటకారకి పట్టు దొరకలేదు. మేం సంతోషించే లోపు అత్త కాలు పట్టుకుని లాగింది. ఆరు కిలోలకి కాలు చేతిలోకొచ్చేసింది. అప్పుడు విడిగా అల్లి కుట్టే పద్ధతి వదిలేసి, పొట్ట అల్లికలోంచే కాళ్లు సాగేలా మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఎన్ని విప్పానో లెక్కలేదు. కాటా ముల్లు తొమ్మిది దాటి పదికొచ్చినా కాలు కదలని రోజున, అత్త కాటాని గోడకి తగిలించి అన్నం వడ్డించింది. నా కంచంలో పెద్ద చేపముక్క పడింది.

రంగులు ఇంకో తలనొప్పి. అల్లిన ముక్కని తడిపిన తెల్లగుడ్డలో చుట్టి ఒక పూటంతా బరువు కింద ఉంచేవాళ్లం. నాకెంతో ఇష్టమైన ముదురాకుపచ్చ ఊలు గుడ్డనంతా పచ్చగా చేసేసింది. ఉన్నదంతా పక్కన పెట్టేశాను. అంతకుముందు కూరిన దర్జీ షాపు పీలికల్ని విప్పి చూస్తే ఒకదాంట్లో గుండుసూది కనిపించింది. ఆ తర్వాత కొత్త పాలిస్టరు దూది తప్ప మరోటి ముట్టలేదు.

అప్పటికి ఇరుగుపొరుగు ఇద్దరమ్మాయిలు కూడా నాతో అల్లుతున్నారు. పొద్దున సూదులు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం లెక్కపెట్టి తీసుకోవడం నియమం. ఒక సాయంత్రం ఒక సూది తక్కువైంది. చాపలు దులిపాం, ఇసుక జల్లించాం. దొరకలేదు. తయారైన తాబేళ్లు నలభై ఉన్నాయి. మా ఆయన రేడియో బాగుచేసే షాపు నుంచి పాత స్పీకరు అయస్కాంతం తెచ్చాడు. ఒక్కో తాబేలు పొట్ట మీద దాన్ని నెమ్మదిగా రాస్తూ కూర్చున్నాం. ఇరవై ఏడోది అయస్కాంతాన్ని పట్టుకుంది. కోసి తీస్తే సూది.

అమ్మాయిలు లేవబోయారు.

"ఒకటి దొరికినాదని మిగిలినవి వొదిలీకండి," అంది అత్త. "కూసోండి."

మిగిలిన పదమూడూ చూశాకే లేచాం.

ఆరు తాబేళ్లు చెన్నైలోని పరీక్షశాలకి వెళ్లాయి. మూడు వారాలకి రిపోర్టొచ్చింది. కళ్లు, కాళ్లు, రంగు, దూది, నిప్పు, అన్నీ నెగ్గాయి. ఒక్క చోట తప్పాం. గోడకి తగిలించుకోవడానికి బాగుంటుందని వీపు మీద నేను పెట్టిన తాడు ఉండాల్సినదానికన్నా పొడవుందట, పిల్లల మెడకి చుట్టుకోవచ్చట. ఎవరూ అడక్కుండా అందం కోసం పెట్టింది అదొక్కటే. ఆ తాడు తీసేసి మళ్లీ పంపాం.

రెండో రిపోర్టు వచ్చినప్పుడు అత్త ఒడ్డున చేపలు ఎండబెడుతోంది. అక్కడికే పరిగెత్తి చదివాను. ఇంగ్లీషు మాటల్లో 'పాస్' అన్నదొక్కటే ఆవిడకి తెలిసింది.

"మన ఊరి పేరున్నాదేటి అందులో?"

"ఉన్నాది. తయారీదారు చిరునామా, భావనపాడు."

"మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. ఆవిడ పక్కన ఎండబెడుతున్న వాళ్లని పిలిచి, "మా కోడలు సేసిన బొమ్మని చెన్నైలో లాగి సూసినారు, ఊడలేదు," అని చెప్పింది. నా గురించి నా ఎదుటే ఆవిడ అలా చెప్పడం అదే మొదటిసారి.

మొదటి సరుకు ఇవ్వడానికి అత్త కూడా నాతో విశాఖపట్నం వచ్చింది. మేం అక్కడుండగానే ఒక తండ్రి తాబేలుని చేతిలోకి తీసుకున్నాడు. "మా వాడు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు. ఏం కాదు కదా?" అని దుకాణం ఆవిడని అడిగాడు. ఆవిడ రిపోర్టు తీయబోయింది.

"కాగితమెందుకు? కాలు పట్టుకుని లాగి సూడు బాబూ," అంది అత్త.

ఆయన మొహమాటంగా వేలితో లాగాడు.

"అలా కాదు. పసిపిల్లలు లాగినట్టు లాగు."

ఈసారి రెండు చేతులతో లాగాడు. తర్వాత తాబేలుని తిప్పి, అడుగున కుట్టిన చీటీ చదివాడు.

"భావనపాడు ఎక్కడండి?" అని అడిగాడు.

మా అత్త నా భుజం మీద చెయ్యేసి నన్ను ముందుకు తోసింది.

"నువ్వు సెప్పు," అంది.