కంప మీద రాయి

2010 జూలైలో నన్ను ఉప్పల్ వైపు సెక్షన్‌కు బదిలీ చేశారు. అప్పటికి అటవీ శాఖలో నాకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. హోదా సెక్షన్ ఆఫీసర్. బయటివాళ్లకు ఈ మెట్లు తెలియవు కాబట్టి చెబుతాను. అడవిని బీట్లుగా విడదీస్తారు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజ్. ఆ రేంజికి రేంజ్ ఆఫీసర్ పెద్ద. వీళ్లందరి కింద రోజుకూలీ మీద పనిచేసే వాచర్లు ఉంటారు. అడవిని నిజంగా కాసేది వాళ్లే. మేం కాగితాలు కాస్తాం.

నాచారంలో అద్దెకు దిగాను. పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయే జనంతో పాటు బయలుదేరి, ఉప్పల్ చౌరస్తా దాటి, మోటార్‌సైకిల్ మీద గుట్టకు పోయేవాణ్ణి. ఎర్రగుట్ట అంటారు దాన్ని. అడవి అనగానే పులిని ఊహించుకునేవాళ్లకు ఆ గుట్ట నవ్వు తెప్పిస్తుంది. తుమ్మ, బలుసు, సీతాఫలం పొదలు, వాటి మధ్య గుండ్రాళ్లు. చుట్టూ ప్లాట్ల హద్దురాళ్లు రోజుకింత ముందుకు జరుగుతుండేవి. ఆ గుట్టను గుట్టగా మిగల్చడమే నా ఉద్యోగం.

అక్కడి వాచరు యాదయ్య. నేను వచ్చేనాటికే పదేళ్లుగా రోజుకూలీ మీద ఉన్నాడు. రాయి కొట్టే కుటుంబంలో పుట్టినవాడు కావడంతో నేల వాలు, నీటి నడక చూడగానే చెప్పేవాడు. రెగ్యులర్ అవుతానన్న ఆశ తప్ప అతనికి వేరే ఆశ ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదు.

చేరిన మొదటి ఆదివారమే గుట్ట మీద సైకిళ్లు చూశాను. మామూలు సైకిళ్లు కావు. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. పక్క వాలున సైకిళ్లు నడిపించుకుంటూ పైకెక్కి, పాత మేకల బాటలో రాళ్ల మీదుగా దూకుతూ దిగుతున్నారు. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా రావడం నేరం. నాలుగు సైకిళ్లు పట్టి పెట్టాను. వాళ్లలో పెద్దవాడు సుధాకర్ అనే మనిషి. బెజవాడలో పుట్టి పెరిగాడట. నాచారంలో ఒక మెషీన్ షాపులో ఫోర్‌మన్, ఉండేది చిల్కానగర్‌లో. గట్టిగా మాట్లాడతాడనుకుంటే, చేతులు కట్టుకుని, మమ్మల్ని తరిమేస్తే ఈ బాట మళ్లీ కట్టెలు కొట్టేవాళ్లదే అవుతుందండీ అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది.

విషయం రేంజ్ ఆఫీసర్‌కు చెప్పాను. ఆయన ఆలోచించి, ఆదివారాలు రానివ్వు, బదులుగా ఎండాకాలం నిప్పు చూసిపెట్టమను అన్నాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు. ఇవ్వలేడు కూడా. మా మ్యాపులో ఆ బాటే లేదు. లేని బాటకు అనుమతి ఎలా రాస్తారు? అలా నోటిమాట మీద మొదలైంది ఆ ఏర్పాటు.

రెండేళ్లు అది చక్కగా నడిచింది. ఫైర్ లైన్ల మీద, అంటే నిప్పు పాకకుండా గడ్డి కోసి ఖాళీగా ఉంచే పట్టీల మీద, వాళ్లు మాతో పాటు పారలు పట్టారు. బాట బాగుచేయడం వాళ్లకు నేర్పింది యాదయ్య. మొదట్లో వాళ్లు నీటికి కోసుకుపోయిన చోటల్లా మట్టి పోసి తొక్కేవారు. వాన రాగానే అదంతా కిందికి పోయేది. ఒక రోజు యాదయ్య పార లాక్కుని, “మట్టి పోసుడు కాదు సారూ. నీళ్లు బాటెంబడి నడవొద్దు, బాట దాటి పోవాలె” అని, బాటకు ఏటవాలుగా రాళ్లు పాతి, నీటికి పక్కకు దారి చూపించాడు. ఆ వానాకాలం అంతా ఆ రాళ్ల వరస చెక్కు చెదరలేదు. అప్పటినుంచి సుధాకర్ అతన్ని యాదయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. పదేళ్లలో తనను గారూ అన్న మొదటి మనిషి అతనేనని యాదయ్య నాతో ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

వాళ్లకు నేను పెట్టిన షరతు ఒకటుంది. కట్టెలు కొట్టేవాళ్లు తుమ్మ కంపలు ఈడ్చుకుపోతూ బాట మీద వదిలేసేవారు. టైర్లు పోయేవి, మా వాళ్ల కాళ్లూ పోయేవి. బాట మీద కంప కనబడితే ఎవరు ముందు చూస్తే వాళ్లు తీసేయాలని సుధాకర్‌కు చెప్పాను. అతను ఆ పని ఫోర్‌మన్ శ్రద్ధతో చేశాడు. ఆదివారం అందరికన్నా ముందు వచ్చి, చేతికి తోలు గ్లౌజులు వేసుకుని, పైనుంచి దిగుతూ కనబడ్డ కంపనల్లా తీసేసేవాడు.

2012 జూన్‌లో గుట్టకు కందకాల పని మంజూరైంది. వాన నీరు గుట్ట దిగి పోకుండా వాలుకు అడ్డంగా వరసలు వరసలుగా తవ్వే గోతులివి. ఎక్కడ తవ్వాలో మ్యాపు మీద గీత గీసి ఇస్తారు. మ్యాపులో బాట లేదు కాబట్టి గీత బాట మీదుగా పోయింది. మలుపు తిరగగానే, పైనుంచి వచ్చేవాడికి కనబడని చోట, నడుము లోతు గొయ్యి పడింది. శనివారం సాయంత్రం నేను చూసి, గొయ్యికి ఎగువన బాట మూసేయమని యాదయ్యకు చెప్పాను. బోర్డు పెట్టించలేదు. బోర్డు పెడితే అక్కడ బాట ఉందని ఒప్పుకున్నట్టవుతుంది.

మా వైపు దారి మూయడమంటే కంప వేయడమే. తుమ్మ కొమ్మ నరికి దారికి అడ్డంగా వేసి, గాలికి కదలకుండా దాని మొదలు మీద రాయి పెడతారు. రాయి ఉన్న కంపను ఊళ్లో చిన్నపిల్లలు కూడా దాటరు. యాదయ్య అలాగే వేశాడు. నేను దగ్గరుండి చూశాను. సుధాకర్‌కు ఫోన్ చేద్దామనుకున్నాను. కంప ఉంది కదా, ఆగకుండా ఎట్లా పోతాడనుకున్నాను. కంప అంటే ఏమిటో తెలియని మనిషి భూమ్మీద ఉంటాడని నాకు తట్టనే లేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి సుధాకర్ గోతిలో ఒరిగి ఉన్నాడు. ఎడమ తొడ ఎముక విరిగింది. వెంట వచ్చిన ఇద్దరికీ ఏం చేయాలో పాలుపోవడం లేదు. ఆ ఉదయం యాదయ్యను నేనే గుట్ట అవతలి పక్క కాపలాకు పంపాను. అతను అక్కడినుంచి పరుగెత్తుకొచ్చి, రెండు వెదురు బొంగులకు దుప్పటి కట్టి, సుధాకర్‌ను దాని మీదికి జరిపాడు. నలుగురం కలిసి రోడ్డు దాకా మోశాం. దారి పొడవునా సుధాకర్ పళ్లు బిగపట్టుకున్నాడే కానీ అరవలేదు.

అతన్ని ఆటోలో దవాఖానాకు పంపాక యాదయ్య నన్ను మళ్లీ పైకి తీసుకుపోయాడు. కంప బాట పక్కన పొదలో పడి ఉంది. దానికి జానెడు దూరంలో రాయి. ఆ రాయి అడుగున ఇంకా తడి మట్టి అంటుకుని ఉంది.

“గీ రాయి జూడున్రి సారూ. గాలికి కొట్టుకొచ్చిన కంపకు రాయి యాడికెళ్లి వస్తది? నేనేసిన కంపనే ఇది. ఎవరో తీసిన్రు.”

ఎవరు తీసి ఉంటారో ఆ క్షణంలోనే నాకు తెలిసింది. కంప వేయమన్నది నేను. కంప కనబడితే తీసేయమన్నదీ నేనే. తర్వాత చూద్దాంలే యాదయ్యా అన్నాను.

మర్నాడు రేంజ్ ఆఫీసర్ రిపోర్టు అడిగాడు. రిజర్వు అడవిలో బయటి మనిషికి దెబ్బ తగిలితే అతను ఎలా వచ్చాడన్నది మొదటి ప్రశ్న. నోటిమాట అనుమతి బయటపడితే ఆయనకూ నాకూ ఇబ్బంది. నాకు సర్వీసు ఇంకా రెండేళ్లే ఉంది. పాము చావకుండా, కర్ర విరగకుండా రాశాను. ‘ప్రమాద స్థలంలో హెచ్చరిక బోర్డు లేదు. తనిఖీ సమయానికి దారికి అడ్డంగా ఏ అవరోధమూ లేదు. ఆ సమయంలో వాచరు అక్కడ లేడు.’ మూడు వాక్యాలూ నిజం. రాయి గురించి రాయలేదు.

దారి మూయలేదన్న కారణం మీద వారంలో యాదయ్యను పనిలోంచి ఆపేశారు. ఆ నెలలోనే రెగ్యులర్ చేయాల్సిన వాచర్ల జాబితా పైకి పోయింది. అందులో అతని పేరు నేను స్వయంగా రాసి పంపి ఉన్నాను. దాన్ని కొట్టేశారు. ఈ మాట చెప్పడానికి నేను అతని ఇంటికి పోలేదు. బీట్ ఆఫీసర్ చేత చెప్పించాను. సిగ్గుతో రాస్తున్నాను ఈ వాక్యం.

సెప్టెంబరులో ఒక రోజు సుధాకర్ చంకల కింద కర్రలతో రేంజ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ముందురోజు యాదయ్య నాలుగు సీతాఫలాలు పట్టుకుని అతన్ని చూడటానికి చిల్కానగర్ పోయాడట. పని ఉన్న రోజు ఎట్లా వచ్చారని అడిగితే, పని లేదు సార్ అన్నాడట. ఎందుకు పోయిందో తెలుసుకుని, సుధాకర్ రాత్రంతా నిద్రపోలేదట.

రేంజ్ ఆఫీసర్ ముందు నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“కంప ఉందండీ. నేనే తీశాను. దాని మొదలు మీద రాయి కూడా ఉంది, అదీ నేనే దొర్లించాను. మేకలవాళ్లు పెట్టారనుకున్నాను. యాదయ్యగారి తప్పేమీ లేదండీ. కావాలంటే రాసిస్తాను.”

రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. అతను పోయాక రేంజ్ ఆఫీసర్ నావైపు తిరిగి, రాయి నువ్వు చూశావా అని అడిగాడు. చూశాను సార్ అన్నాను. ఆయన తెల్లకాగితం నా ముందుకు తోశాడు. రెండో రిపోర్టులో నోటిమాట అనుమతి, నేనిచ్చిన రెండు ఆజ్ఞలు, కంప, రాయి అన్నీ రాశాను. నాకు చార్జి మెమో వచ్చింది. అంటే తప్పు చూపించి జవాబు అడిగే కాగితం. తప్పు ఒప్పుకుంటూ జవాబిచ్చాను. జాబితా మాత్రం వెనక్కి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

యాదయ్యను మళ్లీ రోజుకూలీ మీద తీసుకోవడానికి ఒప్పించి, ఆ మాట చెప్పడానికి ఈసారి నేనే పోయాను. అప్పటికి అతను నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. నాకు స్టూలు వేసి, తను నిలబడ్డాడు. చెప్పిందంతా విన్నాడు.

“వద్దు సారూ. ఈడ గేటు మూస్తే మూసినట్టే. తాళం అందరికీ కనబడ్తది. ఆడ నేను కంప ఏసింది మీకు కనబడలేదా?”

కనబడింది యాదయ్యా అన్నాను. “గదే సారూ,” అన్నాడు. లారీ వస్తే గేటు తీయడానికి పోయాడు. నేను లేచి వచ్చేశాను.

సుధాకర్ కాలు కుదిరింది కానీ మునుపటిలా వంగదు. గుట్ట దిగువకు సైకిల్ తొక్కడం మానేశాడు. అయినా వాన వెలిసిన మర్నాడు కర్ర పట్టుకుని వచ్చి, యాదయ్య పాతిన రాళ్ల దగ్గర పేరుకున్న మట్టి తీసేవాడు. ఆ బాటను మ్యాపులో చేర్చాలని నేను ప్రతిపాదన పంపాను. నేను ఉద్యోగంలో ఉన్నంతవరకు జవాబు రాలేదు. బాట మూయాల్సి వస్తే మాత్రం సైకిళ్లవాళ్లను, వాచరును ఒకే చోట నిలబెట్టి, కంప వేయించి, దానికి ఎర్రగుడ్డ కట్టించేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన సంవత్సరమే రిటైరయ్యాను. ఆ ఘటన వల్ల నేర్చుకున్నది ఒకటే. మనిషి బతుకు తీయడానికి అబద్ధం రాయనక్కర్లేదు. చూసినదాంట్లో ఒకటి వదిలేసి, మిగతావన్నీ నిజాలే రాస్తే సరిపోతుంది. చార్జి అప్పగించే రోజు ఆ ఫైలు తీసి చూశాను. మొదటి రిపోర్టు, రెండో రిపోర్టు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండింటి మీదా సంతకం నాదే.