మట్టిముద్దతో తెచ్చిన నూరువరహాలు

మా ఆఫీసు మెట్ల పక్కన ఒక నూరువరహాల చెట్టు ఉండేది. అందరూ మొక్క అనే అనేవారు కానీ, దాని మొదలు నా రెండు పిడికిళ్ళు కలిపినంత లావు. తోటమాలి ఉన్న రోజుల్లో నడుమెత్తున కత్తిరించి ఉంచేవాడు. ఆ పోస్టు ఎత్తేశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను మాత్రం ఇరవై ఆరేళ్ళపాటు దాని పక్కనే కూర్చుని మధ్యాహ్నం అన్నం తిన్నాను.

అక్కడ ఎందుకు తిన్నానో నేనే చెప్పాలి. మిగతావాళ్ళందరూ మర్చిపోయారు. ఉద్యోగంలో చేరిన రెండోవారం అది. మాది సముద్రం ఒడ్డు ఊరు, చేపల మీద బతికిన ఇల్లు. ఆ రోజు కేరియర్‌లో వంకాయ, ఎండురొయ్యలు తెచ్చుకున్నాను. మూత తియ్యగానే, నాకన్నా నాలుగు నెలల ముందు చేరిన గుమాస్తా ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "ఏంటండీ మేడంగారూ, రేవు మొత్తం మోసుకొచ్చేశారా?" అన్నాడు. గదిలో ఉన్న ఏడుగురూ నవ్వారు. నేను కేరియర్ మూసి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మర్నాడూ అక్కడే. మూడో రోజు పెద్దగుమాస్తాగారు వచ్చి, "సరదాకన్నాడమ్మా, లోపలికి రండి" అన్నారు. వెళ్ళలేదు. రిటైరయ్యే రోజు వరకూ వెళ్ళలేదు.

కేరియర్ కడిగిన నీళ్ళు ఆ చెట్టు మొదట్లోనే పోసేదాన్ని. వానాకాలం గొడుగు వేసుకుని తినేదాన్ని. పూలగుత్తులు విచ్చినప్పుడు ఎర్ర పూరేకులు అన్నంలో రాలేవి. అవి తీసి పక్కన పెట్టి తినేదాన్ని. ఇన్నేళ్ళలో నా భోజనానికి వంక పెట్టనిది అదొక్కటే.

నేను రిటైరైన మరుసటి సంవత్సరం ఆ భవనం పడగొట్టి కొత్తది కడుతున్నారని తెలిసింది. వెంటనే వెళ్ళాను. కర్చీఫ్ పెట్టుకున్న ఆ గుమాస్తాయే ఇప్పుడు సూపరింటెండెంటు. చెట్టు ఇమ్మని అడిగితే కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"ఆ మోడు ఏం చేసుకుంటారండీ? పొయ్యిలోకా?"

"ఏదైనా చేసుకుంటాను లెండి. మిమ్మల్ని మాత్రం భోజనానికి పిలవను."

అతనికి అర్థం కాలేదు. నిజంగానే గుర్తు లేదు. నాకు అది ఇంకా బాధ అనిపించింది.

నేనుండేది రెండో అంతస్తు ఫ్లాటు. చారెడు నేల లేదు. ఉన్నదల్లా బాల్కనీ. అంత చెట్టు అక్కడ బతకాలంటే తొట్టెలో పెట్టి, కొమ్మలు తగ్గించి, బోన్సాయ్ చెయ్యడమే దారి. కడియం వైపు నర్సరీల్లో పనిచేసి మానుకున్న ఒక పెద్దాయన ఆ పని తెలిసినవాడని ఎవరో చెబితే పిలిపించాను. ఆయన చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, చేత్తో మొదట్లో మట్టి గోకి చూశాడు.

"మంచి మొదలండి అమ్మగారూ. ఇలాంటిది కుండీలో పెంచాలంటే మన ఆయుష్షు చాలదు. కానీ ఈ యేడు ఒకపక్క వేళ్ళు కోసి, పై యేడు రెండోపక్క కోసి తియ్యాలండి."

"వచ్చే వారం పొక్లెయిన్ వస్తోంది."

"అయితే దాని అదృష్టం" అని తలపాగా బిగించాడు.

పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. ముందు పైకొమ్మలన్నీ మోకాలెత్తున కోసేశాడు. తర్వాత చుట్టూ మూరెడు దూరంలో గొయ్యి తీసి, కిందికి గునపం దింపి, లావు వేళ్ళు రంపంతో కోశాడు. చెట్టు ఒరిగినప్పుడు చప్పుడు కాలేదు. నల్లటి బంకమట్టి పెద్ద ముద్దలా వేళ్ళను పట్టుకుని ఉంది. దాన్ని గోనెలో చుట్టి ఆటోలో నా ఫ్లాటుకి చేర్చాం.

"రేపొచ్చి ఈ మట్టంతా కడిగేస్తానండి. ఇసక, ఇటుక ముక్కలు, కాస్త ఎరువు కలిపి పెడదాం" అన్నాడు.

నాకు నచ్చలేదు. కడియం రోడ్డు మీద బస్సులో వెళ్ళిన ఎవరినడిగినా చెబుతారు: తవ్విన మొక్క వేళ్ళకి బంకమట్టి ముద్ద పెట్టి, గోనె చుట్టి లారీకెక్కిస్తారు. ఆ ముద్దతోనే అవి ఎక్కడెక్కడికో పోయి బతుకుతాయి. పైగా ఇది గోదావరి ఒండ్రు. కర్ర గుచ్చినా చిగురేసే మట్టి. అదే ఆయనతో అన్నాను.

"ముద్ద ప్రయాణానికండి, కాపురానికి కాదు. పొలంలో ఈ మట్టి బంగారమే. తొట్టెలో పెడితే గట్టిపడి ఊపిరాడనివ్వదు. మీకు తెలీదు లెండి."

మీకు తెలీదు లెండి. ఆఫీసులో ఫైలు ఎందుకు ఆగిందో చెప్పబోయిన ప్రతిసారీ విన్నమాట అది. నా కింద పనిచేసినవాళ్ళు కూడా అన్నారు. ఇప్పుడు నా బాల్కనీలో నిలబడి ఈయనా అన్నాడు.

"రేపు రానక్కర్లేదండి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మట్టిముద్దని అలాగే సిమెంటు తొట్టెలో దింపించి, చుట్టూ కాలవగట్టు మట్టి తెప్పించి కూరాను. రెండు పూటలా నీళ్ళు పోశాను. ఇరవై రోజులకి మోడు మీద రాగిరంగు చిగుళ్ళు వచ్చాయి. ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. సూపరింటెండెంటు ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. మిగతావాళ్ళెవరూ ఏమీ పెట్టలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

నెల దాటాక చిగుళ్ళు వాడిపోయాయి. ఇంకా నీళ్ళు పోశాను. గోటితో బెరడు గీరి చూస్తే కొమ్మల చివర ఎండిపోయి ఉంది, కింద ఇంకా పచ్చగా ఉంది. ప్రతి ఆదివారం గీరేదాన్ని. పచ్చదనం వారానికి ఇంతని కిందికి దిగుతోంది. ఆ పెద్దాయన నంబరు ఫోన్‌లోనే ఉంది. రెండుసార్లు తీశాను, చెయ్యలేదు. వస్తే "ముందే చెప్పాను కదండీ" అంటాడని నాకు అప్పుడే వినిపించేది. ఆ మాట పడటం కన్నా ఇంకో వారం చూడటమే నయమనిపించింది. అలా అయిదు వారాలు చూశాను. మట్టికి ఆనుకున్న చోట గీరినా గోధుమరంగే కనిపించిన రోజున ఫోన్ చేశాను.

ఆయన సాయంత్రానికి వచ్చాడు. బెరడు గీరలేదు, ఆకు ముట్టుకోలేదు. తొట్టెని ఓ పక్కకి ఒరిగించి, చెట్టు మొదలు పట్టుకుని లాగాడు. ముద్ద మొత్తం ఇటుకలా ఊడివచ్చింది. అడుగున మురుగు వాసన. పై నీళ్ళు పక్కలనుంచి జారి అడుక్కి చేరాయే గానీ, నడిమికి దిగనేలేదు. గునపం మొనతో రెండు దెబ్బలు వేస్తే ముద్ద పగిలింది.

లోపల, రంపంతో కోసిన వేళ్ళ చివర్లనుంచి కొత్త వేళ్ళు వచ్చి ఉన్నాయి. ఒక్కోటీ వేలెడు పొడవు. ముద్ద అంచుదాకా వచ్చి, అక్కడ దారి లేక పక్కకి తిరిగి, మురుగు తగిలినచోట నల్లబడి ఆగిపోయాయి. కొన్ని మధ్యలో ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"వేళ్ళు పెట్టిందండి" అన్నాడాయన, ఒకదాన్ని వేలితో చూపించి.

అంతే అన్నాడు. నేను నిలబడి ఆ తర్వాతి మాట కోసం చూశాను. "ఇంకేమైనా చెయ్యొచ్చాండీ?" అనడిగితే తల అడ్డంగా ఊపాడు. గునపం కడుక్కోవడానికి చెంబుడు నీళ్ళడిగాడు, ఇచ్చాను. నేలమీద పడిన మట్టి తనే చీపురుతో ఊడ్చి, గోనెలోకెత్తి మూలన పెట్టాడు. మెట్లు దిగేటప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఒక్క మాట అనుంటే, ఆయన మీద కోపం పెట్టుకుని ఈ సంవత్సరం గడిపేసేదాన్ని.