బ్రేకు మీద టమాట

నా తోడల్లుడు తన బండి ముందు చక్రాలు గాల్లోకి లేపినప్పుడు నేను మనసులో కోరుకున్నది ఒక్కటే. అతను పడాలి. పెద్ద దెబ్బలేమీ తగలక్కర్లేదు. మోచెయ్యి గీరుకుపోయి, చొక్కా చిరిగి, నలుగురూ అయ్యో అంటే చాలు. అతను పడలేదు. మెట్టుగూడలో తన మెకానిక్ షెడ్డు వెనక ఉన్న ఎర్రమట్టి జాగాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వెనక చక్రాల మీదే వెళ్ళి, బండిని మెల్లిగా దించి, మా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. నా పక్కన నిలబడ్డ నా పదకొండేళ్ళ కూతురు గొంతు చించుకుని అరిచింది.

"బాబాయ్, ఇంకోసారి! డాడీ, చూసినవా? చూసినవా?"

చూశాను. ఒళ్ళు మండిపోతుండగా చూశాను.

అది మామూలు మోటార్ సైకిల్ అయితే నాకింత బాధ ఉండేది కాదు. అది ఏటీవీ అనే నాలుగు చక్రాల బండి. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుని హ్యాండిల్ పట్టుకుని నడపాలి కానీ, దున్నపోతంత ఉంటుంది. ముందూ వెనకా సామాను కట్టుకోవడానికి ఇనుప క్యారియర్లు. ఊరి బయట ఎవరిదో తోటలో ఎరువు బస్తాలూ గడ్డిమోపులూ మోసి మోసి మూలపడితే, నా తోడల్లుడు కొనుక్కొచ్చి బాగు చేసుకున్నాడు. దాని ముందు భాగం ఎత్తాలంటే నలుగురు మనుషులకైనా నడుము పట్టేస్తుంది. అతను కుడిచేతి బొటనవేలితో ఆక్సిలరేటర్ నొక్కి, ఒక్కడే లేపేస్తున్నాడు.

తోడల్లుళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. ఒకే ఇంటికి అల్లుళ్ళయిన పాపానికి ఇద్దర్నీ జీవితాంతం పక్కపక్కన నిలబెట్టి కొలుస్తారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మా రెండు కుటుంబాలూ మెట్టుగూడలోనే ఉన్న అత్తగారింట్లో భోంచేస్తాం. మామగారు ప్రార్థన చేస్తారు. కూరలో మొదటి ముక్క పెద్దల్లుడినైన నాకు పడుతుంది. చిన్నల్లుడు ఆ ఇంటికి వచ్చి ఏడేళ్ళయినా ఆ వరస మారలేదు. కానీ అత్తమ్మ నా పళ్ళెంలో వడ్డిస్తూ మాట్లాడేది మాత్రం అతనితోనే. "నువ్వు బాగు చేసినప్పటి సంది మిక్సీ మస్తు నడుస్తుంది బిడ్డా" అంటుంది. ముక్క నాకు, ముచ్చట అతనికి.

నేను చిలకలగూడలో డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను. పదిహేనేళ్ళుగా అదే పని. నేర్పేటప్పుడు అరుస్తాను. అరవకపోతే ఈ ట్రాఫిక్‌లో ఎవరికీ స్టీరింగ్ పట్టుబడదని నా నమ్మకం. పోయిన ఎండాకాలం నా కూతురికి సైకిల్ నేర్పబోయాను. నాలుగో రోజు అది సైకిల్ తీసుకెళ్ళి మెట్ల కింద పెట్టేసి, నాకు సైకిల్ వద్దు అంది. తర్వాత రెండే రెండు సాయంత్రాల్లో బాబాయ్ నేర్పించేశాడు. అప్పటి నుంచి దానికి ఏం రావాలన్నా బాబాయే. లెక్కలకు బాబాయ్, గాలిపటానికి బాబాయ్, క్యారమ్స్‌కి బాబాయ్. అందుకే ఆ రోజు అది ఎగిరెగిరి చప్పట్లు కొడుతుంటే నాకేం కావాలో నాకు బాగా తెలిసింది. నన్ను చూసి అది ఒక్కసారి అలా అరవాలి.

"అదేం పెద్ద కథ?" అన్నాను భోజనాల దగ్గర, ఎవరూ అడగకుండానే. "బరువు వెన్కకేస్తే ఏ బండైనా లేస్తది."

"అయితే నువ్వు లేపు డాడీ," అంది నా కూతురు వెంటనే.

నా భార్య నవ్వు ఆపుకోవడానికి గ్లాసెత్తి నీళ్ళు తాగింది. నా కూతురికి నా మీద జాలేసినట్టుంది. "బాబాయ్, మా డాడీకి సుత నేర్పించవా? జెర మెల్లగ నేర్పించు," అంది.

"అన్న వస్తానంటే నేనెప్పుడైనా రెడీ," అన్నాడు నా తోడల్లుడు. అతని మొహంలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

అలా ప్రతి శనివారం పొద్దున ఆరింటికి, నా స్కూల్ తెరిచేలోపు, వెళ్ళడం మొదలుపెట్టాను. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడి ముందు హెల్మెట్ పెట్టుకుని విద్యార్థిలా కూర్చోవడం ఎలా ఉంటుందో నన్నడగండి.

"అన్నా, సీటు చివరికి జరుగు. చేతులు చాపు. ముందు షాకర్లను ఒక్కసారి కిందికి నొక్కు. అవి మళ్ళ పైకొస్తుంటే అప్పుడే ఆక్సిలరేటర్ కొట్టాలె, ఒళ్ళు మొత్తం వెన్కకు పోవాలె. కుడికాలు బ్రేక్ మీదనే పెట్టు, కానీ తొక్కకు. బండి మీదికొస్తుంది అనిపిస్తేనే తొక్కు, దానంతటదే దిగుతది."

చెప్పినట్టే చేశాను. చక్రాలు బెత్తెడు లేచి దబ్బుమని పడ్డాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ బెత్తెడు, మళ్ళీ దబ్బు. రెండో శనివారం అతను వెనక క్యారియర్ మీద ఇసుక బస్తా కట్టాడు. దాంతో ఇంకో వేలెడు పెరిగింది. "దీంట్ల పవర్ లేదు తమ్మీ," అన్నాను. అతను వాదించలేదు. ఇసుక బస్తా విప్పేసి, తను ఎక్కి, ఆ చివర దాకా లేపి తీసుకెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి నేను వంగి షూ లేసులు కట్టుకుంటున్నాను, అవి ఊడకపోయినా.

మూడో శనివారం అతను బండి పక్కనే పరిగెత్తుతూ నా కాళ్ళనే చూశాడు.

"అన్నా, ఏమనుకోకు. చక్రం లేవంగనే నువ్వు బ్రేక్ తొక్కుతున్నవ్."

"నేనెందుకు తొక్కుతా?" అని గయ్యిమన్నాను.

తొక్కుతున్నట్టు నిజంగానే నాకు తెలియదు. మా స్కూల్ కార్లలో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదిహేనేళ్ళుగా నా కుడికాలు దాని మీదే కాపలా ఉంది. నేర్చుకునేవాడు కొంచెం తడబడితే చాలు, నేను చూసేలోపే నా కాలు తొక్కేస్తుంది. ఆటోలో వెనక సీట్లో కూర్చున్నా తొక్కుతుంది. చర్చిలో పాస్టరుగారు ఉన్నట్టుండి గొంతు పెంచినా తొక్కుతుంది. అలాంటి కాలు, బండి నేల విడిచిపెడుతుంటే ఊరుకుంటుందా?

అతని స్థానంలో నేనుంటే, కాలు తీయ్, చెప్తే అర్థం కాదా, అని కాలనీ మొత్తం లేచేలా అరిచేవాణ్ణి. అతను నాలుగో శనివారం ఒక కవరు నిండా టమాటాలు తెచ్చాడు. మోండా మార్కెట్లో మరీ మెత్తబడ్డవి ఏరి తెచ్చాడట. ఒకదాన్ని బ్రేకు పెడల్ మీద పెట్టి, పాత ట్యూబు ముక్కతో కట్టాడు.

"చక్రం సంగతి మర్చిపో అన్నా. టమాట పగలకుండ చూడు. నిజంగ అవసరం పడితే తొక్కెయ్, టమాటనే కదా పోయేది."

ఆ రోజు కవరు మొత్తం ఖాళీ అయింది. షూ, ప్యాంటు, ఇంజను, అంతా టమాటా గుజ్జే. "ఏందండీ, బండి నేర్చుకుంటున్నరా, పచ్చడి నూరుతున్నరా?" అంది నా భార్య తలుపు తీస్తూనే. నవ్వలేదు నేను. అప్పటిదాకా నా కుళ్ళంతా అతని చేతుల మీద, అతని నడుము మీద. ఆ రోజు అది ఇంకో మెట్టెక్కింది. నేర్పడం నా పని. దాని మీదే నా ఇల్లు నడుస్తోంది. పదిహేనేళ్ళలో నాకు ఒక్క టమాటా తట్టలేదు.

ఇంకో సిగ్గుమాలిన పని కూడా చెప్పేస్తాను. సోమవారం నా కార్లో, ఊరికూరికే బ్రేకు తొక్కే ఒక బ్యాంకు ఉద్యోగినికి నేనూ పెడల్ మీద టమాటా కట్టాను. రెండు రోజుల్లో ఆమెకు అలవాటు పోయింది. "ఎంత మంచి ఐడియా సార్!" అంది. "ఇది నా సొంత పద్ధతి," అన్నాను. ఆమె మెచ్చుకుంటున్నకొద్దీ నాకు నా తోడల్లుడి మీద ఇంకా కోపం వచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఏడో శనివారం టమాటా పగల్లేదు. ఆక్సిలరేటర్ కొట్టి వెనక్కి వాలగానే హ్యాండిల్ నా ఛాతీ దాకా వచ్చింది. ఎదురుగా ఉన్న గోడ మాయమై, దాని పైనున్న వేపచెట్టు కొమ్మలూ, ఆ పైన ఆకాశమూ కనిపించాయి. బండి నా మీదికొస్తోందనిపించినప్పుడు తొక్కాను, చెప్పిన మాట విన్నట్టు కిందికి దిగింది. కాలి కింద టమాటా అప్పుడు చితికింది. అది చితకాల్సినప్పుడే చితికింది. నా తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. నాకు అతని చప్పట్లు అక్కర్లేదు.

మర్నాడు ఆదివారం. భోజనాలు కాగానే అందర్నీ నేనే ఆ జాగాకు తీసుకెళ్ళాను. నా కూతుర్ని బాగా కనపడే చోట నిలబెట్టాను. మొదటిసారి తప్పింది. రెండోసారి లేచింది. ఆ చివర దాకా కాదు, సగం దాకా వెళ్ళాను. ఐదారు క్షణాలు ఉంటుందేమో. ఇంజను చప్పుడును మించి నా కూతురి అరుపు వినిపించింది. నేను కోరుకున్న అరుపు అదే. బండి దించి, వెనక్కి తిప్పి, నా కూతురి ముందుకు తెచ్చి ఆపాను.

అది పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి బాబాయ్ చెయ్యి పట్టుకుని గెంతింది.

"బాబాయ్, నేర్పించేసినవ్! డాడీకి సుత నేర్పించేసినవ్!"

మా స్కూల్లో ఎవరైనా లైసెన్స్ పరీక్ష పాసైతే, ఇంటివాళ్ళు మిఠాయి డబ్బా తెచ్చి నా చేతిలో పెడతారు, పాసైనవాళ్ళ చేతిలో కాదు. అది న్యాయమే అనుకుని ఇన్నేళ్ళూ తిన్నాను. ఇప్పుడు అత్తమ్మ కూడా చిన్నల్లుడి భుజం తట్టి, "ఎంత ఓపికనో బిడ్డా నీకు," అంటోంది. "నాదేం లేదత్తమ్మా, అన్ననే కష్టపడ్డడు," అన్నాడు అతను. ఆ మాట కూడా అతనే అనాలా?

కాసేపటికి నా కూతురు బండి దగ్గరికి వచ్చింది. నేనింకా దిగలేదు. ముందు క్యారియర్ పట్టుకుని, నా వైపు చూస్తూ నిలబడింది.

"డాడీ, బాబాయ్ నీ మీద అరిచిండా?"

"లేదు."

"తప్పు చేసినప్పుడు సుత?"

"ఒక్కసారి సుత అరవలే."

అది తలూపింది.

"నా మీద సుత అరవలే," అంది.

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. అది క్యారియర్ మీది మట్టిని వేలితో గీకుతోంది. ఎండగా ఉంది, దిగండి, ఇంటికి పోదాం అని నా భార్య అవతల నుంచి పిలుస్తోంది. నేను హెల్మెట్ తీయలేదు. ఇల్లు చేరేదాకా తీయలేదు.