బడి గేటు ముందు నా బేరాలు

మొన్న ఆదివారం మా పెరట్లో బార్బెక్యూ పెట్టుకున్నాం. మనవాళ్ళ బార్బెక్యూ సంగతి మీకు తెలియనిదా, బయట ఇనప పెనం మీద పనీరు ముక్కలూ మొక్కజొన్న కండెలూ కాలుతూంటే లోపల వంటింట్లో పులిహోర, గోంగూర మామూలుగానే తయారవుతుంటాయి. ఆ పొగలో నా పక్కకొచ్చి నిలబడ్డాడు, మా వీధిలోకి ఈమధ్యే వచ్చిన ఒక కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటినవాడే, మన వయసువాళ్ళకి కుర్రాడు. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు, నెలరోజులుగా బడికి వెళ్ళకుండా గదిలో తలుపేసుకుని కూర్చుంటున్నాడట, డాక్టరమ్మ చూసి డిప్రెషన్, యాంగ్జైటీ, రెండూ ఉన్నాయందట. ఇదంతా చెప్పి, చేతిలో కాగితం పళ్ళెం అలాగే పట్టుకుని, "అంకుల్, మీ అమ్మాయికి అప్పట్లో ఇలాగే అయిందని ఆంటీ చెప్పారు. రఫ్‌గా ఎన్ని సెషన్స్‌లో సెట్ అవుతుంది?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. పాపం అతని తప్పేం లేదు. ఇరవై ఏళ్ళ కిందట అచ్చం ఇదే ప్రశ్న నేను అడిగాను, పైగా "కొంచెం చూసి తగ్గించండి" అని కూడా అన్నాను. మన వెధవతనం ఎదుటివాడి నోట్లోంచి వినబడితే వచ్చే మంట ఇంకే మంటలాగా ఉండదు.

మా నాన్నది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. పక్కదీ, దాని పక్కదీ మా బాబాయిలవి, ఎదురుగా బట్టల కొట్టు మా మేనమామది, కాబట్టి నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. వచ్చినావిడ "అబ్బే, వద్దులెండి" అంటే కావాలని అర్థం, మాట్లాడకుండా బిందెని అటూ ఇటూ తిప్పి చూస్తోందంటే ఇంకాస్త దిగమని అర్థం, లేచి వెళ్ళిపోతుంటే మాత్రం కంగారుపడకుండా పదడుగులు వెయ్యనిచ్చి అప్పుడు పిలవాలి. ముందే పిలిస్తే లోకువైపోతాం, ఆలస్యమైతే బాబాయి ఎగరేసుకుపోతాడు. ఇంజనీరునై, ఈ దేశం వచ్చి, బ్లాక్‌టౌన్ దగ్గర ఇల్లు కట్టుకుని, రోజూ రైల్లో ఆఫీసుకి పోయొస్తున్నా ఆ జబ్బు నన్ను వదల్లేదు. ధర రాసి అంటించిన దుకాణంలో కూడా ఫ్రిజ్ తలుపు మీద గోటి గీత వెతికి చూపించి బేరం మొదలెట్టేవాణ్ణి, అప్పుడు మా ఆవిడ రెండు వరసల అవతల నిలబడి, ఈయనెవరో నాకు తెలియదన్నట్టు మిక్సీల వంక చూస్తూండేది.

అలాంటివాడికి ఒక్కతే కూతురు. పదమూడో ఏడు వచ్చేదాకా గలగలా మాట్లాడే పిల్ల, ఎయిత్ ఇయర్‌లోకి, అంటే మన ఎనిమిదో క్లాసులోకి, వచ్చాక మెల్లగా చప్పుడు లేకుండా అయిపోయింది. ముందు టిఫిన్ డబ్బా నిండుగా తిరిగొచ్చేది, తరవాత ఖాళీగా రావడం మొదలైంది, మేం సంతోషించాం, ఆ అన్నం చెత్తబుట్టలోకి పోతోందని ఎవరికి తెలుసు! రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేది, మా ఆవిడ వాము నమిలించేది, శనాదివారాలు ఆ నొప్పి రాదు గనక ఇది వేషమని నేను తేల్చేశాను. ఒకరోజు బడి గేటు ముందు కారాపితే దిగలేదు. బెల్టు తియ్యలేదు. స్వెట్టర్ చేతి అంచు పీక్కుంటూ, పరిగెత్తి వచ్చినదానిలా ఊపిరి తీస్తూ, "ఐ కాంట్, నాన్నా" అంది. బడిలో చేరిన దగ్గర్నుంచీ మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబు చెప్పేది.

ఆ మాట నాకెలా వినబడిందనుకున్నారు? మొదటి ధర చెప్పినట్టు వినబడింది. వెంటనే కొట్లో కూర్చున్నట్టు సర్దుకుని కూర్చున్నాను. పోనీ లంచ్ దాకా ఉండి రా అన్నాను. కిటికీలోంచి చూస్తోంది. పోనీ శుక్రవారం సెలవు పెట్టుకో అన్నాను. కిటికీలోంచే చూస్తోంది. మాట్లాడకపోతే ఇంకా దిగమని కదా మన లెక్క, ఇంకో మెట్టు దిగాను, కొత్త ఫోను కొంటానన్నాను, చివరికి కుక్కపిల్లని తెస్తానని కూడా అన్నాను, కుక్కంటే నాకెంత భయమో మా వీధంతా తెలుసు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజూ నలభై నిమిషాలు ఆ గేటు ముందు ఇదే తంతు. పిల్లల్ని రోడ్డు దాటించే నారింజ రంగు కోటావిడ మా కారు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను చెయ్యూపేవాణ్ణి, ఏమీ జరగనట్టు.

ఆఖరికి వారానికి మూడు రోజులకి ఒప్పుకుంది. గెలిచొచ్చినవాడిలా ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కూరగాయలు తరగడం ఆపకుండా, "ఒప్పుకుందా, ఓపిక లేక ఊరుకుందా?" అంది. నీకు బేరం సంగతి తెలియదులే అన్నాను. "ఇది మీ నాన్నగారి కొట్టు కాదండీ, అది బిందె కాదు" అంది.

అమ్మాయి మాట తప్పలేదు, ఎంతైనా మా ఇంటి పిల్ల. ఐదు వారాలు వారానికి మూడు రోజులు గేటు దాటి లోపలికి వెళ్ళింది. రోజురోజుకీ చిక్కిపోతోందని మా ఆవిడ అంటూనే ఉంది, పోనీ ఇంకోసారి అడగండి అని కూడా అంది. నేనేమో, పిల్ల అలిగి రెండడుగులు వేస్తోంది, ఇప్పుడు పిలిస్తే బేరమంతా మొదటికొస్తుంది, వెళ్ళనీ, అదే వెనక్కి తిరుగుతుంది అన్నాను. నా కన్నకూతుర్ని పదడుగులు వెళ్ళనిచ్చాను. ఆ మాట ఇప్పటికీ నాకు గొంతు దాటి రాదు, రాస్తున్నాను కాబట్టి వస్తోంది.

ఆరో వారంలో నేను ఆఫీసులో ఉండగా బడి నుంచి ఫోనొచ్చింది. మీ అమ్మాయి పొద్దున హాజరు వేయించుకుంటోంది గానీ క్లాసుల్లో ఉండటం లేదు, పెద్ద బిల్డింగ్ చివర బాత్రూములో గడియ వేసుకుని కూర్చుంటోంది, ఇవాళ ఊడ్చే ఆవిడ తలుపు తట్టి పిలిస్తే లేవలేకపోయింది, రండి అన్నారు. రైల్లో అంతసేపూ నాకు ఒకటే ఆలోచన. నేను గేటు దాటడం వరకే బేరమాడాను, అది గేటు దాటడం వరకే ఇచ్చింది.

ఆ తరవాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, ఆవిడ చీటీ రాసిచ్చింది, కౌన్సెలర్ దగ్గర ఏడు వారాల క్యూ. ఏడు వారాలంటే నేనూరుకుంటానా, అక్కడ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయితో ఐదుకి దించమని బేరం పెట్టాను. ఆ అమ్మాయి అన్నింటికీ "నో వర్రీస్" అని నవ్వుతుంది, ఒక్క రోజు మాత్రం తగ్గించదు. నా జీవితంలో అంత గట్టి వ్యాపారస్థురాల్ని చూడలేదు.

ఈలోగా మనవాళ్ళకేం చెప్పాలి? పిల్లకి మనసు బాగాలేదని చెబితే రేపు సంబంధాలప్పుడు అడ్డొస్తుందని, పదమూడేళ్ళ పిల్ల విషయంలో, ఇద్దరం చదువుకున్నవాళ్ళం కూర్చుని ఆలోచించాం! గ్లాండులర్ ఫీవర్, మెడ కింద బిళ్ళలు కట్టే జ్వరం, అని చెప్పాం. చెప్పినందుకు బాగానే అయింది, వారం తిరక్కుండా బ్లాక్‌టౌన్ తెలుగువాళ్ళందరూ మిరియాల చారు డబ్బాలతో వచ్చేశారు. ఎవరికీ కనబడకుండా ఉండాలనుకునే పిల్లని హాల్లో కూర్చోబెట్టి మెడ కింద తడిమి చూశారు. అసలు సంగతి కనిపెట్టిన ఒకాయన నన్ను పక్కకి పిలిచి, మన రోజుల్లో ఇవన్నీ ఎక్కడివండీ, లెక్కల ట్యూషన్లో పడేస్తే ఆలోచించుకోడానికి తీరికే ఉండదన్నాడు. ఆయన మీద కోపం రావాల్సింది, నాకు ఆ సలహా నచ్చింది, ఫీజు కూడా కనుక్కున్నాను.

కౌన్సెలర్ కాన్వాసు బూట్లేసుకున్న చిన్నపిల్ల, నేలమీద మెత్తటి బస్తాలాంటి దానిలో కూర్చుంది. ఎన్ని సెషన్లు పడుతుందన్నాను, చెప్పలేనంది. ఉజ్జాయింపుగా అన్నాను, కొంచెం చూసి తగ్గించండి అని కూడా అన్నాను. పక్కన మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఆవిడ అంతా విని, చివర్న నన్నొక్కణ్ణీ ఉంచి, కొన్నాళ్ళ పాటు కారులో పిల్లకి ఏమీ ఇవ్వజూపకండి, దిగమనీ వద్దనీ అనకండి, ఊరికే పక్కన కూర్చోండి అంది. ఎన్నాళ్ళు అని అడిగాను. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

మాట్లాడకుండా కూర్చోవడం! మొదటిరోజు గేటు ముందు కారాపి నాలుగు నిమిషాలున్నాను, అయిదో నిమిషంలో ఏసీ ఎక్కువైందా అన్నాను. రెండోరోజు రేడియో పెట్టి తీసి పెట్టి తీశాను. నాలుగోరోజుకి నాకు పిచ్చెక్కింది, స్టీరింగ్ మీద చెయ్యేసి కొట్టి, "నాకేం చెయ్యాలో తెలియట్లేదమ్మా! నా దగ్గర ఇంక ఇవ్వడానికేం లేదు" అని అరిచాను. కొట్లో కూర్చున్నవాడు చచ్చినా అనకూడని మాట అది. అమ్మాయి మొదటిసారి కిటికీ వదిలి నా వంక చూసింది. నువ్వెప్పుడైనా ఇలా భయపడ్డావా అని ఇంగ్లీషులో అడిగింది.

లేదని చెప్పబోయాను, అలవాటుగా నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఆగాను. ఆగితే, ఏళ్ళ తరబడి తలుచుకోని సంగతొకటి తోసుకొచ్చింది. నాకూ పదమూడేళ్ళప్పుడు, పెళ్ళిళ్ళ సీజన్లో, మా నాన్న నన్ను కొట్టు మెట్ల మీద నిలబెట్టి వచ్చేపోయేవాళ్ళని పిలవమన్నాడు. నోరు పిడచ కట్టుకుపోయేది, చేతులు చెమటలు పట్టేవి, గుండె చప్పుడు బజారంతా వినబడుతోందేమో అనిపించేది. అటక మీద అమ్ముడుపోని పాత ఇత్తడి గంగాళం ఒకటుండేది, మెల్లగా పైకెక్కి దాంట్లో ముడుచుకు కూర్చునేవాణ్ణి. ఒక్కరోజు కాదు, ఆ సీజనంతా.

"ఇన్‌సైడ్ ద పాట్?" అంది. ముక్కుతో చిన్న నవ్వు నవ్వింది, ఎన్ని నెలలకో. తరవాత, నీకోసం ఎవరూ వెతకలేదా అని అడిగింది. నాన్న నన్ను బాబాయి కొట్లో ఉన్నాననుకునేవాడు, బాబాయి నాన్న దగ్గరున్నాననుకునేవాడు, బేరాల జోరులో ఎవరికి తీరిక? లేదమ్మా, ఎవరూ వెతకలేదన్నాను. మరి ఎలా తగ్గింది అంది. తగ్గలేదు, వాగడం నేర్చుకున్నాను, నోరు ఆపకుండా ఉంటే గుండె చప్పుడు వినబడదు అన్నాను. ఆ సంగతి నాకే తెలియదు సుమండీ, దానికి చెబుతుంటేనే తెలిసింది.

ఈసారి నేనేదీ ఇవ్వజూపలేదు. అప్పుడు అది మెల్లగా, మాటలు వెతుక్కుంటూ, తెలుగులో చెప్పింది. "ఊరికే భయంగా ఉంటుంది నాన్నా. ఎందుకో తెలీదు. చచ్చిపోతానేమో అనిపిస్తుంది. అందరూ చూస్తారని బాత్రూంకి వెళ్తా." బాత్రూం గోడమీది పలకల మధ్య గీతలు లెక్కపెడుతుందట, మూడొందలు దాటితే కొంచెం ఊపిరి ఆడుతుందట. ఆ రోజు బడికి వెళ్ళలేదు. కారు తిప్పి ఇంటికి తీసుకొచ్చేశాను. మా ఆవిడ తలుపు తీసి మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా దోసెలు పోసింది.

అక్కడితో అంతా బాగయిపోయిందని రాస్తే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది, కానీ అలా అవలేదు. కొన్నాళ్ళు సగం పూట బడి, కొన్నాళ్ళు మందులు, తరవాత బడి మార్చాం, టెన్త్ ఇయర్‌లో మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ కారులో కూర్చున్నాం. నాకు విసుగు రాలేదా అంటే రోజూ వచ్చింది, దాని మీదా, నా మీదా, ఆ బూట్ల పిల్ల మీదా. పంతొమ్మిదో సెషన్ దాకా లెక్కపెట్టాను, ఆ తరవాత మర్చిపోయాను.

మొన్న పెరట్లో ఆ కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. తలుపు బయట కూర్చో, ఏదీ కొనిస్తానని అనకు అన్నాను, అతనింకేదో అడగబోతుంటే మొక్కజొన్న కండె చేతిలో పెట్టాను. అంతలో వాళ్ళావిడ బల్ల దగ్గర నలుగురి మధ్యా, మా వాడికి డిప్రెషనండీ, కౌన్సెలర్ కోసం వెయిటింగ్‌లో ఉన్నాం అని మామూలుగా చెబుతోంది, ఇంకొకావిడ పులిహోర వడ్డిస్తూ, మా పెద్దదానికి చూసినావిడ బావుంటుంది, నంబరిస్తాను రాసుకో అంటోంది. ఎవరూ గొంతు తగ్గించలేదు, ఎవరూ పిల్లల వంక చూసి నాలిక్కరుచుకోలేదు. మేమైతే కారు అద్దాలెక్కించుకుని కూడా ఆ మాట పైకి అనలేకపోయాం. సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ లోపలెక్కడో, ఇంత తేలిగ్గా అనగలిగిన మాటకి మా పిల్ల అన్ని రోజులు గడియ వెనక కూర్చుందా అని ఉక్రోషం వచ్చింది.

మా అమ్మాయి ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో ఉంటోంది, ఉద్యోగం, ఇల్లు, దాని గొడవలు దానివి. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఎండగా ఉందనో వానగా ఉందనో చెప్పినట్టు, "ఇవాళ బాలేదు నాన్నా" అంటుంది. నేను ఊఁ అంటాను. అది చెప్పినంతసేపు వింటాను, తరవాత ఎవరో పిలిచారని పెట్టేస్తుంది, నేను ఇంకా ఏదైనా చెబుతుందేమోనని ఫోను చెవి దగ్గరే ఉంచుకుంటాను. ఇప్పుడు వినడం వచ్చింది, వినడానికి అది రెండు మూడు నిమిషాలకి మించి దొరకదు. ఆ ఏడాది ఎన్నో పొద్దుటిపూటలు నలభై నిమిషాలేసి నా పక్క సీట్లోనే కూర్చుంది. అందులో ముప్పాతిక భాగం నేనే మాట్లాడాను.