రెండు టబ్బుల అత్త

మా అత్తకి బజారులో "నిన్నటమ్మ" అని పేరు. పెట్టినవాళ్లు వెటకారంగానే పెట్టారు. చేపల బజారులో ఎవరి నోట విన్నా "ఇవాళ్టిది, ఇప్పుడే దిగింది" అన్న మాటే. మా అత్త మాత్రం కొట్టు ముందు రెండు టబ్బులు పెడుతుంది. నీలం టబ్బులో ఆ రోజు పొద్దున్నే పడవ దిగిన సరుకు, ఎర్ర టబ్బులో ముందురోజు మిగిలి ఐసులో ఉంచిన సరుకు. ఎర్ర టబ్బుది సగం ధర. చూపు ఆనని ముసలాయన వచ్చినా, కారు దిగి ఎవరొచ్చినా, అడక్కముందే మొప్ప ఎత్తి చూపించి "ఇది నిన్నటిది, వేయించుకో, బాగుంటుంది" అంటుంది. బేరమాడితే వినపడనట్టు పొలుసు గీస్తూ కూర్చుంటుంది.

పెద్ద హోటల్ వంటమేస్త్రి మా కొట్టుకి వస్తున్నాడని తెలిసినప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. రోజూ సరుకంతా ఒకరే తీసుకునే గిరాకీ అది. కుదిరితే మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవచ్చు. రోజంతా తడి నేల మీద కూర్చుని లేచి వాచిపోతున్న అత్త మోకాళ్లకి కాస్త ఊరట. నాకు కావలసింది అదే.

తీరా ఆయన వచ్చేసరికి పాడు గాలి. ముందు రాత్రి ఒక్క పడవా కదల్లేదు. అత్త నీలం టబ్బు కడిగి బోర్లించేసింది. ఎర్ర టబ్బు నిండా చందువ చేపలు.

"ఇవాళ్టివేనా అమ్మా?" అన్నాడు వంటమేస్త్రి.

"నిన్నటివి బాబూ."

నేను మోకాలితో అత్తని పొడిచాను. ఆమె నా మోకాలు పక్కకి నెట్టింది.

"బజారంతా ఇవాళ్టివే అంటున్నారు, మీరొక్కరే నిన్నటివంటారేంటి?"

"వాళ్లకి వేరే సముద్రం ఉందేమో. నాకు తెలిసిన సముద్రంలోకి రాత్రి ఎవ్వరూ పోలేదు."

ఆయన నవ్వి గొంతు తగ్గించాడు. "సరుకు బాగానే ఉందమ్మా. ఏ రోజుది ఆ రోజే కొనాలని మా యజమాని పట్టుదల. ఇవాళ్టివని మీరు ఒక్క మాటంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"గాలి తగ్గాక రా బాబూ" అంది అత్త.

ఆయన తిన్నగా ఎదురు కొట్టుకి వెళ్లాడు. అక్కడావిడ గొంతు బజారు చివరిదాకా వినిపిస్తుంది. "ఇప్పుడే దిగాయి సార్!" అంటూ బుట్టలు ఎత్తించి, రోజూ పంపే బేరం కూడా కుదుర్చుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది అత్తా? నీ మోకాళ్ల కోసమే కదా నా ఏడుపు!"

"మోకాళ్లు నావి. నేను చూసుకుంటాలే."

సాయంత్రందాకా నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను. కొట్లు సర్దే వేళకి ఆ ఎదురు కొట్టావిడే చాటుగా గిన్నె పట్టుకుని వచ్చింది.

"వదినా, నాలుగు చందువలు ఇవ్వు. మా అమ్మాయి కడుపుతో ఉంది కదా, చేప కావాలని ఒకటే గోల."

"మీ కొట్లో ఉన్నాయిగా పిన్నీ, ఇప్పుడే దిగినవి?" అన్నాను. ఊరుకుంటానా!

ఆమె అటూ ఇటూ చూసింది. "నా దాంట్లో ఏది ఏ రోజుదో నాకే తెలీదే తల్లీ. కడుపుతో ఉన్న పిల్లకి ఎలా పెట్టను?"

నేను నాలుగు మాటలు అనేద్దామని నోరు తెరిచాను. అత్త కంటితోనే ఆపేసింది. మంచివి ఏరి, శుభ్రం చేసి, గిన్నెలో పెట్టి, అందరికీ చెప్పిన ధరే చెప్పింది.

"తోటిదాన్ని, కాస్త తగ్గించవా వదినా?"

"నిన్నటివి కదమ్మా, తగ్గించే చెప్పాను."

ఆమె డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లింది. ఈ నిన్నటమ్మ కోడల్ని నేను అని నాకు బజారు మధ్యలో నిలబడి అరవాలనిపించింది.

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆయన "హోటల్ గిరాకీ కుదిరిందా?" అని అడిగాడు.

"లేదు" అంది అత్త, కాళ్లు చాపుకుని మోకాళ్లు రాసుకుంటూ.

"అంతకంటే పెద్దది కుదిరింది" అన్నాను నేను. "ఎదురు కొట్టావిడ ఇంట్లో ఇవాళ మన చేప ఉడుకుతోంది."