తాయెత్తు సంగతి చెప్పలేదు

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు గొంతులో టాన్సిల్స్ తీసేయాలన్నారు హబ్సిగూడలోని ఒక ఆసుపత్రివాళ్లు. వాళ్ల నాన్న పని కోసం మస్కట్ వెళ్లి అప్పటికి ఏడాది. నాచారంలో ఒంటి గది, అందులో నేనూ అదీ.

నేను మందులు ప్యాక్ చేసే కంపెనీలో పనిచేసేదాన్ని. కొత్తగా చేరిన అమ్మాయిలకి పని చూపించే బాధ్యత నాదే. ముందు చేసి చూపించి, తర్వాత చేయిస్తే చెయ్యి వణకదని నా నమ్మకం. ఇంట్లోనూ అదే మొదలుపెట్టాను. చాప పరిచి పడుకోబెట్టి, చిన్న స్టీలు గిన్నె ముక్కు మీద బోర్లించి, "మత్తుకు ఇట్లనే పెడ్తరు, పది దాకా లెక్కపెట్టు" అనేదాన్ని. అది నాలుగు దాకా లెక్కపెట్టి దొంగనిద్ర పోయేది. లేచాక ఐస్‌క్రీమ్ బదులు చెంచాడు పెరుగు.

పక్కవాటా ఆమె గుమ్మంలో నిలబడి, "తినబోతూ రుచులెందుకు? జర దాన్ని ఆడుకోనియ్యరాదు" అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది. ఆమెకేం, ఇంటినిండా మనుషులు. నిజం చెప్పాలంటే ఆ ఆటలో సగం నా భయం కోసమే.

అన్నీ చెప్పాక చివర్లో ఒక మాట కలిపేదాన్ని. "భయమైతే తాయెత్తు పట్టుకో. అది ఉన్నంతసేపు నీకేం గాదు." మస్కట్ వెళ్లేముందు వాళ్ల నాన్న దర్గాలో కట్టించింది, నల్లదారంతో దాని మెడలో ఉండేది.

ఆపరేషన్ రోజు పొద్దున అది ధీమాగా నడిచింది. సూది వేసినా ఏడవలేదు. "ఇప్పుడు గిన్నె పెడ్తరా?" అని నర్సునే అడిగింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆ నర్సు కత్తెర తీసి, "లోపలికి ఇసుంటియి పనికిరావమ్మా" అంటూ దారం కత్తిరించి, తాయెత్తు నా చేతిలో పెట్టింది.

అది మెడ తడుముకుంది. నా వైపు చూసింది. ఏడ్చినా బాగుండేది. అన్నీ నేర్పాను, ఇది ఒక్కటి నేర్పలేదు. తలుపు మూసేశారు.

తాయెత్తు గుప్పిట్లో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లకి టీ తెచ్చేవాళ్లు, మందులు తెచ్చేవాళ్లు ఉన్నారు. నా పక్కన నా సంచి ఉంది. అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను.

ఆపరేషన్ బాగానే జరిగింది. అది ఐస్‌క్రీమ్ తిన్నది, తాయెత్తు మాత్రం అడగలేదు. మళ్లీ ఏ మొహం పెట్టుకుని కట్టను? కుంకుమ డబ్బాలో దాచేశాను. అమ్మ మాట నమ్మరాదని అది ఆ తలుపు దగ్గరే నేర్చుకుందేమోనని లోలోపల కుమిలేదాన్ని. అడిగే ధైర్యం ఏనాడూ చాలలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది దాని పదో తరగతి అయిపోయింది, ఇంటర్‌కి హాస్టల్లో సీటొచ్చింది. ఆయన ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. నాకు మళ్లీ పాత జబ్బు తిరగబెట్టింది. బకెట్ మీద పేరు రాయించుకో, మెస్ కూర బాగలేకపోతే ఊరగాయ కలుపుకో అంటూ రోజూ పాఠాలు. పెట్టె సర్దే రోజు తాయెత్తు బయటికి తీశాను.

"తీస్కపోతవా బిడ్డా?" అన్నాను. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఆ దినం దీన్ని నర్సు కత్తిరిచ్చింది గదా, యాదుందా?"

"నర్సేంది? నేనే దీసి నీకిచ్చిన గదనే" అంది అది, బట్టలు మడతపెడుతూనే. "లోపల నా తాన మస్తుమంది ఉన్నరు. నువ్వు బయట ఒక్కదానివే ఉంటవని ఇచ్చిన."

కత్తెర మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

తాయెత్తును నా అరచేతిలో పెట్టి, తనే నా వేళ్లు మూసింది. "ఇప్పుడు గూడ నీ తాననే ఉండనీ."

మర్నాడు దాన్ని హాస్టల్లో దింపి సాయంత్రానికి ఇల్లు చేరాను. తాళం తీసి గదిలోకి అడుగుపెట్టాలంటే భయమేసింది. తాయెత్తు పట్టుకున్నాను.